జిలానీ స్టిరర్ కొన్న తీరు

జిలానీకి ఒకేసారి రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. ఒకటి, మందుల గదికి ఏ స్టిరర్, అంటే మందు కలిపే యంత్రం, కొనాలో తేలకపోవడం. రెండోది హుసేనప్ప.

నంద్యాలకు ఆరు మైళ్ళ దూరంలో ఒక ఖాన్‌కా ఉంది. సూఫీ గురువూ ఆయన శిష్యులూ కలిసి ఉండే చోటును అలా అంటారు. అక్కడి గురువు పేరు నూరుల్లా షా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఏ మతం వాళ్ళయినా సరే, ఆయన్ని హజ్రత్ అనే పిలుస్తారు. ఆయన యునానీ వైద్యం తెలిసినవాడు. ప్రతి గురువారం దగ్గు షర్బత్తు కోసం జనం గేటు బయట దాకా నిలబడతారు.

ఆ షర్బత్తు చేసే గదికి జిలానీ పెద్ద. ఫార్మసీ చదివి, హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో నాలుగేళ్ళు పనిచేసి, అదంతా వదిలేసి హజ్రత్ దగ్గరికి వచ్చి చేరాడు. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు మందుల పని నేర్పేదీ అతనే. మనిషి మంచివాడు. చెయ్యి శుభ్రం, తూకం శుభ్రం. ఒక్కటే, మాట్లాడేటప్పుడు గుక్క తిప్పుకోడు. ఎదుటివాళ్ళనూ తిప్పుకోనివ్వడు.

షర్బత్తులో పాళ్ళు మార్చాలంటే ముందు అర లీటరు చేసి చూసుకోవాలి. గాజు బీకరును సన్నటి మంట మీద పెట్టి, గాజు కడ్డీతో రెండు గంటలు కలుపుతూ కూర్చోవాలి. ఏ మాత్రం ఏమరుపాటుగా ఉన్నా అడుగంటుతుంది. ఒకసారి నంద్యాల నుంచి వచ్చిన కళ్ళ డాక్టరుగారు ఈ అవస్థ చూసి జాలిపడ్డాడు. వేడి చేసే మ్యాగ్నెటిక్ స్టిరర్ ఒకటి తీసుకోండి, నేను ఇప్పిస్తాను, ఏది కావాలో మీరే ఎంచుకోండి అన్నాడు.

ఇక జిలానీని పట్టడానికి లేకపోయింది. ఇరవై రోజులు క్యాటలాగులు తిరగేశాడు. భోజనాల దగ్గర కూడా అవే కబుర్లు. ఒక దాని మీద బీకరు పెట్టే పళ్ళెం మూడు వందల ఎనభై డిగ్రీల దాకా కాలుతుందట. ఇంకొకటి నిమిషానికి పదిహేను వందల చుట్లు తిప్పుతుందట. మరొకటి ఐదు లీటర్ల దాకా కలుపుతుందట. షర్బత్తు వేడి అరవై డిగ్రీలు దాటితే తేనె చెడుతుందని అతనికి తెలుసు. చేసేది అర లీటరేననీ తెలుసు. అయినా పెద్ద అంకె కనబడితే మనసు అటే పోయేది. మనందరిదీ అదే వరస.

హుసేనప్ప సంగతి వేరు. అతనికి యాభై ఒకటో ఏడు. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గనుల్లో పదిహేనో ఏట దిగాడు. మొన్న వేసవిలో డాక్టరు అతని ఎక్స్‌రే చూసి, మళ్ళీ ఆ దుమ్ములోకి పోతే ఊపిరితిత్తులు మిగలవని చెప్పాడు. రాళ్ళు కోయడం తప్ప మరో పని తెలియదు. భార్య పోయింది, కూతురు అత్తగారింట్లో ఉంది. ఎటు పోవాలో తోచక హజ్రత్ దగ్గరికి వచ్చి, ఏదైనా పని నేర్పండి సామీ అన్నాడు. పాణ్యంలో ఖాన్‌కా వాళ్ళు కొత్తగా తెరవబోయే మందుల కొట్టుకు ఒక మనిషి కావాలి. పని నేర్చుకుంటే అక్కడ పెడదామని హజ్రత్ అతన్ని జిలానీకి అప్పగించాడు.

నాలుగు నెలలైంది. హుసేనప్పకు ఇంకా పన్నెండు డబ్బాల్లోని మూలికల పేర్లు రాలేదు.

పాఠం ఎలా జరిగేదో చూసినవాళ్ళు చెబుతారు. జిలానీ బల్ల మీద డబ్బాలు వరసగా పెట్టేవాడు.

"ఇది అతిమధురం, ఇది అడ్డసరం, ఇవి పిప్పళ్ళు, ఇది తుమ్మబంక, ఇది కరక్కాయ. అడ్డసరం కషాయానికి, బంక చిక్కదనానికి, పిప్పళ్ళు ఆఖర్న. తెలిసిందా? ఇప్పుడు ఇదేందో చెప్పు."

హుసేనప్ప అతను చాచిన వేరు ముక్కను చేతిలోకి తీసుకునేవాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. పెదవులు కదిలేవి.

"ఇప్పుడే కదా చెప్పినాను. అతిమధురం. సరే, ఇదేంది? ఇది? ఇదన్నా చెప్పు."

జిలానీ గొంతు పెరిగేకొద్దీ హుసేనప్ప కళ్ళు అటూ ఇటూ కొట్టుకునేవి. నిన్న తెలిసినది కూడా ఇవాళ మర్చిపోయేవాడు. ఒక రోజు తన పేరు అడిగినా చెప్పలేడేమో అన్నట్టు నిలబడిపోయాడు. ఆ రోజే జిలానీ విసిగిపోయి మొహం మీదే అనేశాడు, శుక్రవారం దాకా చూస్తాను, ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకోవాల్సిందే అని.

హుసేనప్ప తల ఊపాడు. నీ దారి అంటే ఆ గని దారే అని ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున జిలానీ హజ్రత్ ముందు కూర్చున్నాడు. హజ్రత్ తలపాగా చుట్టుకుంటున్నాడు.

"రెండు మాటలు అడగాలని వచ్చినాను హజ్రత్. కర్నూలు పోయి ఆ స్టిరర్ కొనుక్కొస్తాను. రెండోది, హుసేనప్పను పంపించేద్దాం. అతనికి ఎక్కదు. నా తప్పేం లేదు, నేను చేయాల్సిందంతా చేసినాను. అందరికీ చెప్పినట్టే చెప్పినాను. తక్కినవాళ్ళంతా నెల తిరక్కుండానే నేర్చుకున్నారు."

హజ్రత్ తలపాగా చుట్టడం పూర్తి చేసి కొస లోపలికి దోపుకున్నాడు.

"ముందు యంత్రం కొందాంలే. బుధవారం నేనూ వస్తా."

బుధవారం ఇద్దరూ బస్సెక్కారు. హజ్రత్ సంచిలో ఒక సీసా ఉంది. జిలానీ అడగలేదు. దారి పొడుగునా క్యాటలాగు చదివి వినిపిస్తూనే ఉన్నాడు. హజ్రత్ కిటికీలోంచి జొన్న చేలు చూస్తూ వింటున్నాడు.

కర్నూలులో ల్యాబు సామాన్లు అమ్మే ఆ కొట్టును ప్రసూన అనే ఆవిడ చూసుకుంటుంది. ఆవిడ మూడు స్టిరర్లు బల్ల మీద వరసగా పెట్టింది. చిన్నదానికి వేగానికొకటి, వేడికొకటి, తిప్పే మరలు రెండు తప్ప ఏమీ లేవు. నడిమిదానికి ఒక పొడుగాటి తీగ, దాని చివర సన్నటి కడ్డీ ఉన్నాయి. పెద్దది నల్లగా మెరుస్తూ, ఎర్రటి అంకెలతో, పెళ్ళికొడుకు మాదిరి నిలబడింది.

ఆవిడ ఒక బీకరులో నీళ్ళు పోసి పెద్ద దాని మీద పెట్టింది. తెల్లటి మాత్రలాంటి చిన్న అయస్కాంతం అందులో వేసింది. పళ్ళెం కింద ఇంకో అయస్కాంతం తిరుగుతుందనీ, దాన్ని పట్టుకుని పైది తిరుగుతుందనీ హజ్రత్‌కు చెప్పి మర తిప్పింది. కడ్డీ లేదు, చెయ్యి లేదు, నీళ్ళు వాటంతట అవే తిరిగాయి. మధ్యలో అడుగు దాకా సుడి పడింది.

జిలానీ మొహం వెలిగిపోయింది. "చూడండి హజ్రత్. ఇదే తీసుకుందాం."

హజ్రత్ కూడా సంతోషంగానే చూశాడు. ఆయనకు యంత్రాలంటే ముచ్చట. కాసేపు ఆ సుడిని చూసి, ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, మీ కొట్టుకొచ్చేవాళ్ళంతా నీళ్ళతోనే చూసి కొంటారా?"

"అవును సార్. ఎవరొచ్చినా నీళ్ళే కదా పోసి చూపిస్తాము."

"నీళ్ళు ఎవరు తిప్పినా తిరుగుతాయి" అన్నాడు హజ్రత్.

సంచిలోంచి సీసా తీశాడు. అందులో ముందు రోజు చేసిన షర్బత్తు ముద్ద ఉంది. తేనె, తుమ్మబంక, కషాయం కలిసి ఆముదం కంటే చిక్కగా ఉంటుంది. పొద్దుటి చలికి ఇంకా బిగుసుకుంది. ఆవిడ ఇచ్చిన ఖాళీ బీకరులోకి వంచితే తొందరేమీ లేనట్టు జారింది.

"తిప్పు" అన్నాడు జిలానీతో.

జిలానీ తెల్ల అయస్కాంతాన్ని అందులో వేశాడు. అది దిగడానికే కొంత సేపు పట్టింది. పెద్ద యంత్రం మర తిప్పాడు. అయస్కాంతం ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టులో జారింది. జారి పక్కకు పోయి, గాజుకు తగులుతూ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. షర్బత్తు కదల్లేదు.

జిలానీ ఇంకొంచెం వేగం పెంచాడు. టకటక ఎక్కువైంది. ఇంకా పెంచాడు. అయస్కాంతం బీకరు అంచుకు పోయి వణుకుతూ నిలబడింది. పళ్ళెం కింద మాత్రం యంత్రం జోరుగా తిరుగుతూనే ఉంది.

"చిక్కగా ఉంది సార్" అంది ప్రసూన. "ఇట్లాంటివి దీనికి ఎక్కవు. వేరే రకం యంత్రం చూడాల్సిందే."

జిలానీ మర మీద నుంచి చెయ్యి తీయలేదు. చెమట పట్టింది. యంత్రం పరువు తన పరువైనట్టు, వేగాన్ని చివరి అంకె దాకా తోశాడు. బీకరు బల్ల మీద నడవబోయింది. ఆవిడ గబుక్కున పట్టుకుంది.

హజ్రత్ చెయ్యి చాచి మరను సున్నాకు తిప్పాడు. టకటక ఆగింది.

"అమ్మా, ఇది ఎంత నెమ్మదిగా తిరుగుతాది?"

ప్రసూన నవ్వింది. "ఎంత స్పీడని అందరూ అడుగుతారు సార్. ఎంత స్లో అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు" అని, సొరుగులోంచి పుస్తకాలు తీసి వెతికింది. పెద్దది రెండు వందల చుట్ల కంటే కిందికి రాదు. చిన్నదానికి ఎంతని రాసే లేదు. తిప్పి చూస్తే కింది వేగంలో ఆగుతూ ఎగురుతూ తిరిగింది. నడిమిది నిమిషానికి యాభై చుట్ల దగ్గర కూడా ఒకే తీరుగా తిరుగుతుందని రాసి ఉంది.

బీకరును నడిమి దాని మీదికి మార్చారు.

"ముందు వేడి పెట్టు" అన్నాడు హజ్రత్. "తిప్పొద్దు."

అయిదు నిమిషాలకే అంకె ఎనభై చూపించింది. జిలానీ చెయ్యి మర మీదికి పోయింది. హజ్రత్ అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బీకరు పక్కను ఆనించాడు. గాజు చల్లగానే ఉంది.

"ఆ అంకె పళ్ళేనిది" అన్నాడు. "షర్బత్తుది కాదు."

ప్రసూన ఆ పొడుగాటి తీగ చివరి కడ్డీని తీసి షర్బత్తులోకి దించింది. ఇప్పుడు అంకె మారింది, ఇరవై ఎనిమిది. ఇది పెట్టుకుంటే లోపలి వేడి చూసి పళ్ళెం తనను తానే తగ్గించుకుంటుంది సార్ అని చెప్పింది. అరవై దగ్గర ఆపమని పెట్టుకున్నారు.

కూర్చున్నారు. ఇరవై తొమ్మిది. ముప్పై. జిలానీ లేచి గోడ మీది క్యాలెండరు చూసి వచ్చాడు. ముప్పై మూడు. ప్రసూన టీ తెప్పించింది. హజ్రత్ ఆవిడ పిల్లల చదువుల గురించి అడిగాడు, ఆవిడ చెప్పింది. నలభై రెండు. టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఇంత సేపు ఒక బీకరును ఊరికే చూస్తూ కూర్చోవడం జిలానీ జీవితంలో లేదు. యాభై దాటాక షర్బత్తు అంచుల్లో కాస్త మెత్తబడి మెరుపు వచ్చింది.

"ఇప్పుడు" అన్నాడు హజ్రత్. "అన్నిటికంటే తక్కువలో."

జిలానీ మరను సున్నా నుంచి కొద్దిగా, గోరంత తిప్పాడు. టకటక రాలేదు. ఏ చప్పుడూ రాలేదు. వంగి చూశాడు. షర్బత్తు పైన అద్దంలా ఉంది, సుడి లేదు, గీత కూడా లేదు.

"ఇది తిరగడం లేదు హజ్రత్."

హజ్రత్ జుబ్బా జేబులో చెయ్యి పెట్టాడు. ఖాన్‌కా పక్క దర్గాలో సమాధి మీద వేసి తీసిన గులాబీ రేకులు ఆయన జేబులో ఎప్పుడూ ఉంటాయి. ఎండిన రేకు ఒకటి తీసి షర్బత్తు మీద వదిలాడు.

రేకు ఉన్నచోటే ఉంది. జిలానీ తల ఎత్తబోయాడు. అంతలో అది కదిలినట్టు అనిపించింది. మళ్ళీ వంగాడు. రేకు మొన మెల్లగా అటు తిరిగింది. తర్వాత మొత్తం రేకు బయలుదేరింది. బీకరు అంచు వెంట, నెమ్మదిగా, ఆగకుండా ఒక చుట్టు తిరిగి, జిలానీ ముందుకు వచ్చి దాటిపోయింది.

ప్రసూన కూడా వంగి చూస్తోంది. రేకు రెండో చుట్టు తిరిగింది.

జిలానీ మెడ ఎర్రబడింది. అతని చూపు బీకరు మీదే ఉంది గాని, అతను చూస్తున్నది ఆ షర్బత్తును కాదని హజ్రత్‌కు తెలుసు.

"దీన్నే కట్టియ్యమ్మా" అన్నాడు ప్రసూనతో.

తిరుగు బస్సులో జిలానీ క్యాటలాగు తెరవలేదు. యంత్రం పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, నంద్యాల దాకా ఒక్క మాట లేకుండా కూర్చున్నాడు. అతను అంత సేపు మాట్లాడకుండా ఉండడం ఆ బస్సు కండక్టరుకు కూడా వింతగా తోచి, ఒంట్లో బాగుందా సాబ్ అని అడిగాడు. రెండో మాట గురించి, శుక్రవారం గురించి, జిలానీ ఎత్తలేదు. హజ్రత్ కూడా ఎత్తలేదు.

గురువారమంతా జనంతో గడిచిపోయింది.

శుక్రవారం తెల్లవారి జిలానీ మందుల గది దగ్గరికి వచ్చేసరికి హుసేనప్ప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న మూట. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జిలానీని చూసి లేచాడు.

"మొదటి బస్సుకు పోదామని సామీ. మీకు చెప్పి పోదామని ఉన్నా."

ఆ మనిషి కోపంగా ఉన్నా జిలానీకి ఇంత కష్టంగా ఉండేది కాదు. అతని గొంతులో కోపం లేదు.

"కూచోన్నా" అన్నాడు జిలానీ.

హుసేనప్ప అతని మొహంలోకి చూశాడు. ఈ నాలుగు నెలల్లో జిలానీ అతన్ని అన్నా అని పిలవడం అదే మొదలు.

జిలానీ లోపలికి పోయి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. చంకలో ఒకే ఒక డబ్బా ఉంది. మెట్టు మీద అతని పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ సగం టీ తాగాక డబ్బా మూత తీసి, ఒక వేరు ముక్క తీసి హుసేనప్ప అరచేతిలో పెట్టాడు.

"ఇదేందన్నా?"

అంతే అడిగాడు. హుసేనప్ప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. జిలానీకి జవాబు నాలుక చివర దాకా వచ్చింది, మింగాడు. హుసేనప్ప గోరుతో పొట్టు గీకాడు. వాసన చూశాడు. జిలానీకి మళ్ళీ వచ్చింది. ఈసారి మిగిలిన టీ నోట్లో పోసుకుని ఆపుకున్నాడు. నిజం చెప్పాలంటే దీనికంటే షర్బత్తు ముందు కూర్చోవడమే సులువు. మొదటి బస్సు హారను కొట్టుకుంటూ రోడ్డు మీద వెళ్ళిపోయింది. పక్క మెట్టు మీదికి ఎండ వచ్చింది.

"అతిమధురం" అన్నాడు హుసేనప్ప.

జిలానీ తల ఊపాడు. అలవాటు కొద్దీ ఇంకో డబ్బా కోసం లేవబోయాడు, లోపల ఇంకా పదకొండు డబ్బాలున్నాయి. ఎందుకో లేవకుండా కూర్చున్నాడు.

హుసేనప్ప ఇంకా ఆ ముక్కనే చూస్తున్నాడు. కాసేపటికి మళ్ళీ నోరు తెరిచాడు.

"దీన్ని పొద్దున్నే దంచకూడదు సామీ. మంచు చెమ్మకు పీచు సాగుతాది, జల్లెడకు అంటుకుంటాది. సగం పిప్పిలోనే పోతాది. బాగా ఎండెక్కినాక దంచితే పిండి మాదిరి రాలుతాది. రాతిదుమ్ము కూడా అంతే, ఎండకు రాలినట్టు పొద్దున రాలదు. రెండు నెలల నుంచి చూస్తాండా."

జిలానీ ఆ వేరును ఏళ్ళ తరబడి పొద్దున్నే దంచిస్తున్నాడు. చదువులో ఎవరూ చెప్పలేదు, కంపెనీలో ఎవరూ చెప్పలేదు. పిప్పి ఎక్కువ పోతోందని వేరు అమ్మేవాడితో తగాదా కూడా పడ్డాడు.

"రెండు నెలల నుంచి తెలిసి నాకు ఎందుకు చెప్పలేదన్నా?"

హుసేనప్ప ఇబ్బందిగా నవ్వాడు.

"నేను నోరు తెరిచేలోగా మీరు ఇంకో డబ్బా తెరిచేవాళ్ళు సామీ."

జిలానీ పక్కనున్న డబ్బాకు మూత పెట్టాడు. తర్వాత లేచి, హుసేనప్ప మూట తీసుకుని లోపలికి నడిచాడు. హుసేనప్ప కాసేపు అక్కడే నిలబడి, రెండు గ్లాసులూ చేతిలోకి తీసుకుని వెనకే వెళ్ళాడు.